కూర్చున్నాకే మాట్లాడే మా అక్క

సూటిగా అడుగుతున్నాను. జవాబు నాకు చెప్పనక్కర్లేదు, నీ లోపల నువ్వే చెప్పుకో. చక్రాల కుర్చీలో ఉన్న మనిషితో నువ్వు చివరిసారి మాట్లాడినప్పుడు నిలబడి మాట్లాడావా, కూర్చుని మాట్లాడావా? గుర్తు రావడం లేదు కదూ. పోనీ ఇది చెప్పు. అతనితోనే మాట్లాడావా, లేక కుర్చీ తోస్తున్నవాడి వైపు చూసి "ఇప్పుడెలా ఉన్నాడు?" అని అడిగి నీ దారిన నువ్వు పోయావా?

ఈ ప్రశ్న నా సొంతం కాదు. దీన్ని మొదట నా మొహం మీద అడిగిన మా అక్క పోయిన బుధవారం కన్నుమూసింది. సౌదీలోని ఖోబార్‌లో, అల్ అజీజియాలోని తన ఫ్లాట్‌లో, తన మంచం మీద, నిద్రలోనే. కింద డ్యూటీ బస్సు హారన్ కొడుతోంది. ఏనాడూ బస్సును ఆపించని మనిషి ఇంకా లేవలేదేమిటని పక్క మంచం మీది కేరళ నర్సు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి చూసిందట. ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసింది. "భయ్యా, దీదీ చలీ గయీ," అంది. అక్క వెళ్ళిపోయిందని.

నేనప్పుడు ఒక బడి మేడ మీద ఏసీ డక్టు బిగిస్తున్నాను. స్పానర్ పక్కన పెట్టి ఆ ఎండలోనే కూర్చుండిపోయాను. కన్నీళ్ళ కంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. ఇవాళ ఆస్పత్రి వార్డులో కదల్లేనివాళ్ళను పక్కకు తిప్పేదెవరు అని. ఆ ఆలోచన వచ్చిందంటే అక్క నాకు నేర్పవలసింది నేర్పే వెళ్ళిందన్నమాట. అందుకే ఈ మాటలు దుఃఖంతో మొదలుపెట్టినా దుఃఖంతో రాయడం లేదు. నిండుగా బతికి, నొప్పి లేకుండా వెళ్ళిపోయిన మనిషిని తలుచుకుంటే కడుపు నిండినట్టే ఉంటుంది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. మా ఇద్దరిదీ కోనసీమే, గోదావరి చెరో ఒడ్డు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళ వార్డులో ఆవిడ నర్సు. ఆ వార్డులోనే జుట్టు నెరిసింది. నేను ఏడో తరగతి దగ్గర చదువాపేసి, బైబిలు వాక్యాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంటూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ పూట మా వాళ్ళం కొందరం ఒక గదిలో కూడుకుంటాం, నేను నాలుగు మాటలు చెబుతాను. నా గొంతు పెద్దది, నా లోపలి మంట ఇంకా పెద్దది. కానీ ఈ దేశంలో మా పాట పక్క గదికి వినిపించకూడదు. నిప్పును సన్నని సెగ మీద పెట్టడం నేను ఇక్కడే నేర్చుకున్నాను.

అక్క నాకు పరిచయమైంది ప్రసాదు వల్ల. ప్రసాదు మా వైపు కుర్రాడే. భవనాలకు పరంజా కట్టే పనిలో ఉండేవాడు. ఒక రోజు పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము కింద కదలిక పోయింది. సంగతి తెలిసి నేను ఆపిల్ పళ్ళు పట్టుకుని, పై జేబులో వాక్యం పెట్టుకుని వార్డుకు వెళ్ళాను. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, చేతులు చాచి, వీడు లేచి నడవాలని గట్టిగా ప్రార్థన ఎత్తుకున్నాను. వెనక నుంచి స్టూలు జరిపిన చప్పుడు.

"ముందు కూర్చోండి తమ్ముడూ," అంది ఒక నర్సమ్మ. "అంత పైనుంచి ప్రార్థన చేస్తే ఆయన మీద కప్పు కూలినట్టుంటది. ఇప్పటికే ఒకసారి పడ్డాడు పాపం."

మంచం మీది ప్రసాదు ఫక్కున నవ్వాడు. పడిన తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారని తర్వాత చెప్పాడు. నేను కూర్చున్నాను. ఆవిడ తనూ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడడిగింది, ఇందాక నిన్నడిగానే, ఆ ప్రశ్న. "మీరు ఇప్పటిదాకా ఎంతమందితో ఇలా కూర్చుని మాట్లాడారు?" నేను లెక్కపెడదామని వేళ్ళు తెరిచి మూసేశాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఆవిడ పద్ధతి అది. డాక్టర్లు నిలబడి మాట్లాడతారు, బంధువులు నిలబడి ఏడుస్తారు. ఆవిడ మాత్రం ఎంత పని తొందరలో ఉన్నా కూర్చున్నాకే నోరు విప్పేది. రోగి కళ్ళూ తన కళ్ళూ ఒకే ఎత్తున ఉండాలి. స్పృహ లేనివాడితో కూడా, "ఇప్పుడు నిన్ను ఎడం పక్కకి తిప్పుతున్నానురా అబ్బాయ్, భయపడకు," అని చెప్పి గాని తిప్పేది కాదు. అరబ్బు ముసలాయనతో అరబ్బీలో, పాకిస్తానీ డ్రైవరుతో హిందీలో, ప్రసాదుతో మన యాసలో. కదల్లేని మనిషిని గంటల తరబడి ఒకే పక్క మీద ఉంచితే చర్మం చచ్చిపోయి పుండు పడుతుంది. ఆ పుండు ఎముక దాకా వెళితే ప్రాణం మీదికొస్తుంది. "పుండు పడ్డాక మందు రాసేవాడు వైద్యుడు. పడకుండా తిప్పేవాడు బంధువు," అనేది అక్క. ఈ మాటను నేను ఎన్ని ప్రసంగాల్లో వాడుకున్నానో. ఆవిడ ఎదుట కూర్చుని వింటూ, ఆ మాట ఎవరిదో తెలియనట్టు తల ఊపేది.

ప్రసాదు కోలుకుని కుర్చీలోకి వచ్చాక మా శుక్రవారం కూటానికి రావడం మొదలుపెట్టాడు. మా గది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మరేం ఫరవాలేదనుకున్నాం. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డుంటే ఇంటి కప్పు విప్పి యేసు ముందు దింపిన వృత్తాంతం మాకు కంఠస్థం. మేం కూడా నలుగురం కుర్చీకి నాలుగు మూలలా చెయ్యి వేసి, పాట పాడుకుంటూ ఎక్కించేవాళ్ళం. మెట్ల మలుపుల దగ్గర చెమటలు కక్కుతూ కూడా మా గుండెలు ఉప్పొంగేవి. ఆ నలుగురి వంశం మాదేనన్నంత సంబరం. ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నవాళ్ళున్నారు మాలో.

అక్క డ్యూటీలు మారి శుక్రవారాలు ఖాళీ దొరికి మొదటిసారి కూటానికి వచ్చిన రోజున మేం ప్రసాదును మోస్తూ రెండో మలుపులో ఉన్నాం. ఆవిడ కింద నిలబడి పైకి చూసింది. మేం పైకి చేరేదాకా మాట్లాడలేదు. గదిలోకి వచ్చి, చాప మీద కూర్చుని, అప్పుడు అడిగింది.

"ఏరా ప్రసాదూ, మోస్తుంటే నీకెలా ఉంటది?"

వాడు మా వైపు చూశాడు. "ఆయ్, బానే ఉంటదక్కా."

"నన్ను చూసి చెప్పు."

"బయ్యమేత్తది అక్కా," అన్నాడు వాడు నెమ్మదిగా. "పైనుంచి పడ్డోణ్ణి కదా. మెట్ల మలుపు కాడ కళ్ళు మూసేసుకుంటా. అన్నయ్యలు బాధపడతారని చెప్పలేదు."

మా నలుగురి తలలూ వాలిపోయాయి. అక్క మాత్రం కోప్పడలేదు. "ఆ నలుగురూ గొప్పోళ్ళే తమ్ముడూ," అంది నాతో. "కానీ వాళ్ళు ఒక్కసారే దింపారు. మీరు వారం వారం ఎక్కిస్తున్నారు. వాళ్ళు కప్పు విప్పారు. మీరు కనీసం గదైనా మార్చలేరా?"

అదే సమయానికి గ్రౌండ్ ఫ్లోరులో ఉండే బాషా తలుపు దగ్గరికి వచ్చాడు. ఆయన కడప మనిషి, ట్రైలర్ నడుపుతాడు. మా మెట్ల ఊరేగింపు ఆయన వారం వారం చూస్తున్నదే.

"ఏమప్పా, ఆ పిల్లోన్ని అట్ల మోస్కపోతాండారు, జారితే ఎవురు దిక్కు?" అన్నాడు. "నా రూము కిందనే ఉండాది గదా. శుక్రారం నేను జుమ్మా నమాజుకి పోతా. నేనొచ్చేసరికి మీ పాటలైపోవల్ల, అంతే."

అంతే. ఆ శుక్రవారం నుంచి మా కూటం బాషా గదిలో. ప్రసాదు తన చక్రాలు తానే తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు. అక్క చాపలన్నీ చుట్టి మూల పెట్టించింది. కుర్చీలు తెప్పించింది. "మనం నేల మీదుంటే ఈడొక్కడూ పైనుంటాడు. ఈడు ప్రసంగం చెప్పేవాడిలాగా, మీరు వినేవాళ్ళలాగా ఉంటది," అంది. భోజనాల బల్ల కిందికి ప్రసాదు కుర్చీ దూరకపోతే బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టించింది. ఆవిడ తెచ్చే ఎండురొయ్యలు వేసిన గోంగూర కూర, పెద్ద ఫ్లాస్కు నిండా పాలు లేని సులైమానీ టీ. జుమ్మా నుంచి తిరిగొచ్చిన బాషా కూడా ఆ బల్లకే కూర్చునేవాడు. "మీ పాటలకంటే మీ కూరే బాగుండాదప్పా," అనేవాడు.

ఆ బల్ల దగ్గరే నేను వాళ్ళకొక సంగతి చెప్పాను. రెండు కాళ్ళూ చచ్చుబడిన ఒక రాజకుమారుణ్ణి ఒక రాజు వెతికించి తెప్పించి, జీవితాంతం తన బల్ల దగ్గరే భోజనం పెట్టించాడని వాక్యం చెబుతుంది. ఆ బల్ల ముందు కూర్చుంటే ఎవరి కాళ్ళు ఎలాంటివో ఎవరికి తెలుస్తుంది? కాళ్ళన్నీ బల్ల కిందే. పైకి కనిపించేవి మొహాలు, చేతులు. అందరూ ఒకే ఎత్తు. అక్క ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "ఆ రాజు పనివాళ్ళకి బల్ల ఎత్తు ఎంత పెట్టాలో తెలిసే ఉంటది," అంది. మేం నవ్వాం. నేను ఆత్మ సంగతి చెబితే ఆవిడ వడ్రంగం చెప్పేది. ఆలోచించగా ఆలోచించగా రెండూ ఒకటేనేమో అనిపించేది.

ప్రసాదుకు ఉద్యోగం వచ్చిన తీరు కూడా అలాంటిదే. వాడి కఫీలు, అంటే ఇక్కడ వాడికి వీసా ఇచ్చిన యజమాని, మంచివాడే. స్టోరు కౌంటరులో కూర్చోబెడతానన్నాడు. తీరా చూస్తే స్టోరు తలుపు కుర్చీకి ఇరుకు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. అక్క ఆ రోజు నైట్ డ్యూటీ దిగి నిద్రపోకుండా నాతో వచ్చింది. మేనేజరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. తన జానతో ప్రసాదు కుర్చీ కొలిచింది, తలుపు కొలిచింది. మధ్యలో తేడా నాలుగు వేళ్ళు. ఆ నాలుగు వేళ్ళూ ఆయన మొహం ముందు పెట్టి, వచ్చీరాని అరబ్బీలో, "ఒక మనిషి బతుకుకి అడ్డం ఇంతే," అంది. ఆయన ఆ వేళ్ళను చూసి చూసి వడ్రంగిని పిలిపించాడు. అప్పటి నుంచి ప్రసాదు జీతం తెచ్చుకుంటున్నాడు. ఆ తలుపు దాటిన ప్రతిసారీ ఇంకా నవ్వుకుంటాడు.

సెలవు మీద ఊరెళ్తే అందరం చుట్టాలిళ్ళకు తిరుగుతాం. అక్క మా వైపు ఏరియా ఆస్పత్రికి వెళ్ళేది. అక్కడ ఒక ఫిజియోథెరపీ గది ఉంది. పెద్దదేం కాదు. పట్టుకుని నడవడానికి రెండు కడ్డీలు, ఒక పరుపు, కాళ్ళకు తొడిగే కాలిపర్లు బిగించే ఒక మనిషి, చేతులతో కీళ్ళు వంచి సాగదీసే ఒక ఫిజియో అమ్మాయి. చుట్టుపక్కల లంక గ్రామాల నుంచి పోలియో వచ్చినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ళు, పుట్టుకతోనే కాళ్ళూచేతులూ బిగుసుకున్న పిల్లలను ఎత్తుకుని తల్లులు అక్కడికే వస్తారు. అక్క తన సెలవులో సగం ఆ పరుపు పక్కనే గడిపేది. ఇంటివాళ్ళకు మనిషిని ఎలా తిప్పాలో, మంచం మీంచి కుర్చీలోకి నడుము పట్టేయకుండా ఎలా దించాలో నేర్పేది.

ఇప్పుడు వింటున్నావా? అసలు సంగతికి వస్తున్నాను. వచ్చే ఏటి ఆరోగ్య బడ్జెట్టులో ఆ గదికి ఇచ్చే డబ్బు ఆపేయాలని ప్రతిపాదన వచ్చింది. ఆ గది మూసేసి, సామానూ మనుషులనూ జిల్లా ఆస్పత్రికి పంపి, ఇక్కడ నెలకోసారి శిబిరం పెడతారట. కాగితం మీద దాని పేరు విలీనం. ఇంకా నిర్ణయం కాలేదు. ఆస్పత్రి అభివృద్ధి కమిటీ కూర్చుని తన అభిప్రాయం పైకి పంపాలి. ఆ కమిటీ ముందు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు.

ఈ కబురు ఫిజియో అమ్మాయి ద్వారా అక్కకు తెలిసింది. ఆవిడ శుక్రవారం బల్ల దగ్గర మాకు చెప్పింది. ప్రసాదు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎందుకంటే వాడికి ఈ నెలాఖరుకి ఎగ్జిట్. కాంట్రాక్టు అయిపోయింది, ఇక ఇంటికి వెళ్ళిపోవడమే. ఊళ్ళో చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకోవాలని వాడి ఆశ. ఇక్కడ అక్క వార్డులో వారం వారం కీళ్ళు సాగదీస్తున్నారు కాబట్టి వాడు కుర్చీలో నిటారుగా కూర్చోగలుగుతున్నాడు.

"నాకు నడవాలని లేదన్నా," అన్నాడు నాతో. "ఆ ఆశ ఎప్పుడో వదిలేశాను. మోకాళ్ళు బిగుసుకుపోకుండా ఉంటే చాలు. బిగుసుకుపోతే కుర్చీలో కూకోలేను. కుర్చీలో కూకోలేకపోతే షాపు లేదు. ఇంక మంచమే. మా అమ్మే తిప్పాలి. దానికే నడుం వంగదు."

జిల్లా ఆస్పత్రికి వాడి ఊరి నుంచి రెండు బస్సులు మారాలి. ఆ బస్సులకు మెట్లున్నాయి.

బాషా గడ్డం గోక్కున్నాడు. న్యాయమైన మనిషి, అందుకే అడిగాడు. "సర్కారు కాడ దుడ్లు లేకుంటే వాళ్ళు మాత్రం ఏం జేస్తారక్కా? అన్నీ ఒగ తావ పెద్దగా పెడితే మేలే గదా?"

"బాషా, నీ ట్రైలర్‌కి దారిలో టైరు పేలితే, దమ్మామ్‌లో పెద్ద షాపుందని ఆ టైరుతోనే దమ్మాం దాకా నడుపుకుంటా వెళ్తావా?"

బాషా నవ్వేశాడు. "అట్లడిగితే ఏం జెప్తా."

"ఖర్చు చూసుకోవద్దని నేనట్లేదు," అంది అక్క. "ఇల్లు నడిపినదాన్ని, నాకు తెలీదా. కానీ గది మూస్తే ఆ ఖర్చు ఎక్కడికీ పోదు. ఆస్పత్రి పద్దులోంచి లేచి ఇంట్లో ఆడమనిషి నడుం మీద కూర్చుంటది. అంతే తేడా. దివ్యాంగులని పేరైతే గౌరవంగా పెట్టారు. గౌరవం ఇచ్చి గది తీసుకుంటారా?"

నాలో నిప్పు రాజుకుంది. పూర్వం ఒక ప్రవక్త ద్వారా దేవుడు గొర్రెలకూ గొర్రెలకూ మధ్య తీర్పు తీరుస్తానన్నాడు. బలిసిన గొర్రెలు పక్కలతో, భుజాలతో బక్క గొర్రెలను నెట్టి, కొమ్ములతో పొడిచి మందలోంచి చెదరగొట్టాయని ఆయన కోపం. లెక్కలు వేసేవాళ్ళారా, మీరు కొమ్ములతో పొడవడం లేదు, నాకు తెలుసు. ఊరికే భుజంతో కాస్త జరుపుతున్నారు. జరిగేవాడికి కాళ్ళు లేవన్నదొక్కటే మీరు మరిచారు. ఆ రోజు ఇదంతా నేను సన్నని గొంతుతోనే చెప్పాను గాని నా మెడ నరాలు ఉబ్బాయి. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెడదామన్నాను.

"పెడదాం తమ్ముడూ," అంది అక్క వెంటనే. "నేనూ ఉంటాను. ఉంటా ఉంటానే ఇంటికి ఫోన్లు చేద్దాం. నోరు ఖాళీగానే ఉంటది కదా."

"ఫోన్లు చేసి ఏం చెప్పాలక్కా? అర్జీ మీద సంతకాలు పెట్టమనా?"

"అర్జీ ఫైల్లో పడుకుంటది. మనుషులు వెళ్ళాలి. ఆ గదిని వాడుకునేవాళ్ళే వెళ్ళాలి. వాళ్ళ గురించి మనం మాట్లాడ్డం కాదు, వాళ్ళే మాట్లాడాలి. మాట్లాడ్డం వాళ్ళకి వచ్చు. వెళ్ళడానికి బండే లేదు. మనందరికీ ఊళ్ళో బావలున్నారు, బావమరుదులున్నారు. ఎవడో ఒకడికి ఆటో ఉంటది, లేకపోతే చిన్న ట్రక్కు ఉంటది. కమిటీ కూర్చునే సోమవారం ఒక్క పొద్దు ఒక్క మనిషిని తీసుకెళ్ళి తీసుకురమ్మందాం."

ఆ పై శుక్రవారం నేను చెప్పాలనుకున్న ప్రసంగం పక్కన పెట్టి ఇంకొకటి చెప్పాను. కొలను గట్టున ఏళ్ళ తరబడి పడి ఉన్న ఒక రోగి సంగతి. నీళ్ళు కదిలినప్పుడు ముందు దిగినవాడు బాగుపడతాడని వాళ్ళ నమ్మకం. యేసు ప్రభువు వచ్చి బాగుపడాలని ఉందా అని అడిగితే ఆ మనిషి ఏమన్నాడు? నన్ను నీళ్ళలోకి దించేవాడు ఎవడూ లేడన్నాడు. ఎన్నోసార్లు చెప్పిన కథే. అక్క మధ్యలో చెయ్యెత్తింది. "చూశారా, రోగం గురించి ఒక్క ముక్క కంప్లైంటు చెయ్యలేదు. తీసుకెళ్ళేవాడు లేడని చేశాడు," అంది. ఏళ్ళుగా ఆ వాక్యం చదువుతున్నాను. అది నా కంటికి ఆనలేదు. ఆవిడ కంటికి ఆనింది.

తర్వాతి రోజుల్లో అక్క అలసిపోయినట్టు కనిపించిందా అని అందరూ అడుగుతున్నారు. లేదు. ఉత్సాహంగా ఉంది. డ్యూటీ దిగి, బస్సులో కూర్చుని ఫోన్లు. "ఒరేయ్ నాని, నీ ఆటో సోమవారం పొద్దున నాది," అని దబాయించడం. అవతలివాడు బేరమాడితే, "నీకు జ్వరమొస్తే దుప్పటి కప్పిందెవర్రా?" అనడం. మంగళవారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది. లంకల్లో కొన్ని వీధులకింకా బండి కుదరలేదంది. "జాలి చాలా దొరుకుతోంది తమ్ముడూ. చక్రాలే తక్కువయ్యాయి," అని నవ్వింది. అదే నేను విన్న ఆఖరి నవ్వు. అంతకంటే మంచి ఆఖరి మాట నేను కోరుకోలేను.

గురువారం నేను ఆవిడ వార్డుకు వెళ్ళాను. ఆవిడ సామాను తీసుకోవాలి. కిటికీ పక్క మంచం మీద ఒక సౌదీ ముసలాయన, మెడ కింద ఏదీ కదలదు. అక్క చేతుల్లో ఎన్నాళ్ళో ఉన్నాడు. కేరళ అమ్మాయి ఆయనకు అప్పటికే చెప్పింది. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళతోనే పక్కనున్న స్టూలు చూపించి, "ఇజ్లిస్," అన్నాడు. కూర్చో అని. నేను కూర్చున్నాను. ఆయన ఏడ్చాడు, తుడుచుకోలేడు. నేను తుడిచాను. తర్వాత కాసేపు ఇద్దరం కిటికీలోంచి ఆస్పత్రి ఖర్జూరపు చెట్లను చూస్తూ కూర్చున్నాం. ఆయన దేవుణ్ణి ఆయన తలుచుకున్నాడు, నా దేవుణ్ణి నేను. మధ్యలో అక్క ఉంది.

నిన్న శుక్రవారం బాషా గదిలో కృతజ్ఞతా ప్రార్థన చేశాం. బాషా ఈసారి జుమ్మా కాగానే పరుగున వచ్చి మాతో కూర్చున్నాడు. అక్క దేహాన్ని ఇంటికి పంపే కాగితాల కోసం ఆస్పత్రికీ పోలీసు స్టేషనుకూ ఎయిర్‌లైన్ ఆఫీసుకూ తిరుగుతున్నది ఆయనే. ఇంకా కొన్ని రోజులు పడుతుంది. అక్క భర్త ఎప్పుడో పోయారు. ఒక్క కూతురు, మా వైపే బళ్ళో టీచరు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఓదార్చాలని కూర్చున్నాను. ఆ అమ్మాయే నన్ను ఓదార్చింది.

"అమ్మ వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఏడవలేను మావయ్యా," అంది. "సోమవారం కమిటీ ఉంది. ఆటోలు ఏ వీధికి ఎన్నింటికి రావాలో అమ్మ నాకు అన్నీ చెప్పింది. నేను వెళ్తాను. ఏడుపు తర్వాత."

తల్లి ఇంకా ఖోబార్‌లోనే ఉంది. కూతురు అక్కడ ఆటోలు పంపుతోంది. నేను ఇన్నేళ్ళుగా చెప్పిన ప్రసంగాలన్నీ ఆ పిల్ల మాట ముందు ఎండుటాకులు.

చదువుతున్నవాడా, ఇప్పుడు నీతో పని ఉంది. నువ్వు రియాద్‌లో మలాజ్‌లో కొట్టు నడుపుతూ ఉండవచ్చు, జుబైల్‌లో పైపులు వెల్డింగ్ చేస్తూ ఉండవచ్చు, ఏ ఆస్పత్రిలోనో రాత్రి డ్యూటీకి తయారవుతూ ఉండవచ్చు. మన కోనసీమ లంకల్లో నీవాళ్ళు ఎవరో ఒకరుంటారు. ఇవాళ శనివారం. కమిటీ ఎల్లుండి పొద్దున కూర్చుంటుంది. ఆ గది ఉంటుందో పోతుందో ఆ పూట తేలుతుంది. ఖాళీ కుర్చీల ముందు కూర్చుంటే ఆ కమిటీ ఏం రాస్తుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాలిపర్ల చప్పుడుతో, చేతికర్రలతో, ఒళ్ళో పిల్లలతో ఆ వరండా నిండిపోతే ఏం రాస్తుందో చూద్దాం. అక్కకు సంతాపం పంపవద్దు. ఆవిడ ఫొటో స్టేటస్‌లో పెట్టవద్దు. ఆమెన్ అని టైపు చేసి ఫోన్ జేబులో పెట్టుకోవద్దు.

ఇది రాస్తుంటే పక్కనే ప్రసాదు తన బావతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆ బావకు ఆటో ఉంది, కానీ ఆ ఆటోలో అప్పుడే ముగ్గురు కుదిరిపోయారు. లంక చివర ఒక పెద్దాయన ఉన్నాడట. చిన్నప్పుడే పోలియో వచ్చింది. కూతురు పెళ్ళికి ఇంటి ముందు వేసిన పందిరి దాటి ఎటూ వెళ్ళలేదట. సోమవారం రావాలని చెబితే, నేనేం మాట్లాడతానండీ అని మొదట సిగ్గుపడ్డాడు. బావ పొద్దున మళ్ళీ వెళ్ళి చూస్తే గెడ్డం గీయించుకున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి మేకుకు తగిలించాడు. అరుగు మీద కూర్చుని, ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంటూ, రోడ్డు వైపు చూస్తున్నాడట.

ఆ వీధికి ఇంకా బండి లేదు. ఇంటి దగ్గర మనవాళ్ళు ఈ వేళకు టీ తాగి బయట కూర్చుని ఉంటారు. అన్నం తిన్నాక కాదు, డ్యూటీ దిగాక కాదు. ఫోన్ తియ్యి. ఇప్పుడే చెయ్యి.